వెనక సీటు కింద చప్పుడు

అత్తయ్య సంచి సర్దుకుంటుంటే నేను గుమ్మంలో నిలబడి చూస్తున్నాను. గోధుమరంగు గుడ్డ సంచి. రెండు తోలు పట్టీల్లో ఒకదాని కొక్కెం ఊడిపోతే పిన్నీసు పెట్టి ఉంది. మడతపెట్టిన బట్టలు అడుగున పెట్టారు. వాటి మీద దువ్వెన, కళ్ళజోడు డబ్బా, తలనొప్పి మందు సీసా. తరవాత బీరువా పై అరలోంచి ఉన్ని శాలువా తీసి, ఒకసారి దులిపి, నాలుగు మడతలు వేసి అన్నిటికంటే పైన పెట్టారు.

"ఈ ఎండల్లో శాలువా ఎందుకత్తయ్యా? వెళ్ళేది పది రోజులకేగా?"

"బస్సులో కిటికీ పక్కన గాలి కొడుతుంది."

బయట నిప్పులు చెరుగుతోంది. కిటికీ ఊచ ముట్టుకుంటే చెయ్యి చురుక్కుమంటోంది. నేను ఇంకేమీ అడగలేదు. ఆ ఇంటికి కోడలిగా వచ్చి అప్పటికి ఏడాది కూడా కాలేదు.

"మీ మామయ్య బండి తీశారా?"

"తీస్తున్నారు."

"గరిటె పెట్టావా?"

"పెట్టానత్తయ్యా."

ఎవరింట్లోనైనా బయల్దేరేటప్పుడు తాళం వేశావా, మంచినీళ్ళు పెట్టావా అని అడుగుతారు. మా ఇంట్లో గరిటె పెట్టావా అని అడిగేవారు. ఎందుకో చెప్పాలంటే ఆ ఎండాకాలం మొదలు దగ్గరికి వెళ్ళాలి.

మామయ్యగారికి ఒక పాత కారు ఉండేది. మిల్లులో పెద్ద ఇంజనీరు వాడి వదిలేస్తే ఆయన వయసులో ఉండగా కొనుక్కున్నారు. గుండ్రటి వీపు, గుడ్లగూబ కళ్ళలాంటి లైట్లు, మీగడ రంగు. వీధిలో అందరూ దాన్ని రాణిగారు అనేవారు. రాణిగారి ఒంట్లో ఇంకే లోపమూ లేదు, ఒక్క పెట్రోలు పంపు తప్ప.

తాళం తిప్పగానే వెనక సీటు కింద నుంచి టిక్ టిక్ టిక్ టిక్ అని గబగబా చప్పుడు వచ్చేది. అదే పంపు. వెనక ట్యాంకులో ఉన్న పెట్రోలు తోడి ముందున్న ఇంజనుకి పంపేది. ఇంజను దాహం తీరాక చప్పుడు నెమ్మదించి ఆగేది. అప్పుడు స్టార్టు చెయ్యాలి. పంపు లోపల రెండు చిన్న పాయింట్లు, కందిగింజలంత, ఒకదానికొకటి తగులుతూ విడిపోతూ ఉంటాయి. అవి మాడి నల్లబడితే తగలవు. తగలకపోతే పంపు నోరు మూసుకుంటుంది. ఎండలు ముదిరేకొద్దీ ఈ మొరాయింపు ఎక్కువయ్యేది. బండి కాసేపు మిగిలిన పెట్రోలుతో నడిచి, రెండుసార్లు దగ్గి, ఎక్కడ ఉంటే అక్కడ నిలబడిపోయేది.

అప్పుడు వెనక సీట్లో కుడిపక్క కూచున్న మనిషి పక్కకి ఒరిగి, సీటు మూల పైకెత్తి, చెక్క గరిటె కాడతో పంపు నెత్తిన రెండు దెబ్బలు వెయ్యాలి. మరీ మెల్లగా వేస్తే దానికి వినపడదు. గట్టిగా వేస్తే ఇంకా బిగుసుకుంటుంది. ఆ కొలత అత్తయ్య చేతికే తెలుసు. అందుకే ఆ కారులో ఆవిడ ఎప్పుడూ ముందు సీట్లో కూచునేవారు కాదు. మామయ్యగారు ముందు, ఆవిడ వెనక, ఇద్దరూ కలిసి నడిపేవారు.

నేను మొదటిసారి అది చూసింది బజారు మధ్యలో. కూరగాయల దుకాణాల ముందు రాణిగారు దగ్గి ఆగింది. వెనక నుంచి హారన్లు. టీకొట్టు మనిషి గ్లాసు కడుగుతూ కేకేశాడు.

"ఏం సైరన్ గారూ, ఇవాళ కూత లేదా?"

మామయ్యగారిని ఊళ్ళో సైరన్ గారు అనేవారు. మిల్లులో ఆయన టైమ్ కీపరు. పొద్దున్నే సైరన్ కూయించేది ఆయనే, కూత ఆగగానే గేటు వేయించేదీ ఆయనే. గేటు పడ్డాక వచ్చినవాడు సొంత తమ్ముడైనా సరే, ఆ పూట పని లేనట్టే. రిటైరై నాలుగేళ్ళవుతున్నా వీధిలో మగవాళ్ళు ఆయన కనిపిస్తే తెలియకుండానే చేతిగడియారం చూసుకునేవారు.

"కూత లేకపోతే నీకేంరా, నీ టీ చల్లారిపోతోంది చూసుకో," అన్నారు మామయ్యగారు, వెనక్కి తిరక్కుండా. తరవాత గొంతు తగ్గించి, "ఏమోయ్," అన్నారు.

అత్తయ్య అప్పటికే ఒరిగారు. సీటు మూల లేచింది. టక్, టక్. కింద నుంచి టిక్ టిక్ టిక్ మని ప్రాణం వచ్చింది. కూరగాయలామె పకపకా నవ్వింది.

"మొగుణ్ణి కొట్టలేక బండిని కొడుతున్నావా పెద్దమ్మా?"

"బండైతే ఒక్క దెబ్బకి వింటుంది," అన్నారు అత్తయ్య.

అందరూ నవ్వారు, నేనూ నవ్వాను. అద్దంలో మామయ్యగారి కళ్ళు మాత్రం రోడ్డు మీదే ఉన్నాయి.

ఆ ఎండాకాలం పంపు వారానికి రెండుసార్లు ఇంట్లోకి వచ్చేది. మామయ్యగారు దాన్ని విప్పి, వెనక వరండాలో బల్లకి బిగించి, ఒక పాత బ్యాటరీకి తగిలించి, పక్కన సీసాలో పెట్రోలు పెట్టుకుని కూచునేవారు. పాయింట్లు సన్నటి గరుకు కాగితంతో రుద్దేవారు. లోపలి రబ్బరు పొర తీసి వెలుతురుకి పట్టి చిల్లులున్నాయేమో చూసేవారు. మళ్ళీ బిగించేవారు. టిక్ టిక్ టిక్. చెవి దగ్గర పెట్టుకుని వినేవారు, వైద్యుడు రోగి గుండె విన్నట్టు. అన్నం వడ్డించానన్నా లేచేవారు కాదు. ఇల్లంతా పెట్రోలు వాసన. నేను తింటున్న ముద్దలో కూడా అదే వాసన.

అత్తయ్య ఆ చప్పుడు మొదలవగానే వంటింట్లో కుళాయి తిప్పేసేవారు. గిన్నెలు ఉన్నా లేకపోయినా నీళ్ళు ధారగా పడుతూ ఉండేవి. మొదట్లో మతిమరుపనుకుని నేను వెళ్ళి కట్టేశాను. ఆవిడ నా వైపు చూసి, మళ్ళీ తిప్పారు.

మా ఆయన అదే మిల్లులో ఫిట్టరు. ఒకరోజు పని నుంచి వచ్చి, చెప్పులు కూడా విప్పకుండా వరండాలో నిలబడ్డాడు.

"నాన్నా, ఆ పంపు వయసు నా వయసంత. కొత్త రకం వచ్చాయి, పాయింట్లే ఉండవు వాటిలో. బండ్ల మేస్త్రిని అడిగితే తెప్పిస్తానన్నాడు. పారేద్దాం దీన్ని."

"పారేస్తే ఎందుకు ఆగుతోందో ఎలా తెలుస్తుందిరా?"

"తెలిసి ఏం చేస్తాం?"

మామయ్యగారు పంపు మూత తుడుస్తూ ఉండిపోయారు. వంటింట్లో కుళాయి ఇంకొంచెం జోరుగా తిరిగింది.

సంగతి నాకు మేడ మీద బట్టలు ఆరేస్తున్నప్పుడు తెలిసింది. తడి దుప్పటి చెరో కొస పట్టుకుని పిండుతున్నాం. దక్షిణం వైపు, ఇళ్ళ కప్పుల మీదుగా, రైలు గేటు ఎర్రదీపం స్తంభం కనిపిస్తోంది. రైలు కూత వినగానే అత్తయ్య చేతులు ఆగిపోయాయి. రైలు వెళ్ళిపోయేదాకా దుప్పటి మా మధ్య మెలికపడి అలాగే ఉంది.

"మీ వదిన ఈ రైల్లోనే వెళ్ళింది," అన్నారు.

వదిన అంటే మా ఆయన అక్క. గోడ మీద ఫొటోలో తప్ప నేను ఎరగను. నర్సు చదువు చదివి, దూరంగా ఏదో ఊళ్ళో ఆస్పత్రిలో పని దొరికితే వెళ్ళిందనీ, అక్కడ వార్డులో జ్వరాలు సోకి ఆ చలికాలమే పోయిందనీ మా ఆయన చెప్పాడు. అంతకుమించి ఆ ఇంట్లో ఎవరూ ఆమె మాట ఎత్తేవారు కాదు.

"మీ మామయ్యకి ఇష్టం లేదు అది వెళ్ళడం. నెల రోజులు దానితో మాట్లాడలేదు. వెళ్ళే రోజు కూడా కుర్చీలో కూచుని పేపరు అడ్డం పెట్టుకున్నారు. అది గుమ్మంలో నిలబడి 'నాన్నా, వెళ్ళొస్తా' అంది. పేపరు కదల్లేదు. బాడుగ బండి పిలిచి, మీ ఆయనా నేనూ సామాను ఎక్కించాం. అది నన్ను స్టేషనుకి రావద్దంది. 'నువ్వొస్తే నేను ఎక్కలేనమ్మా' అంది. వెళ్ళిపోయింది."

దుప్పటి తీగ మీద వేశాం. ఆవిడ మడతలు లాగుతూ చెప్పారు, దుప్పటితో చెబుతున్నట్టు.

"గోడ గడియారం వంక చూస్తూ ఈయన కూచున్నారు. నేను వెళదామండీ అన్నాను. మళ్ళీ అన్నాను. ఎన్నిసార్లు అన్నానో నాకే తెలీదు. రైలుకి ఇంకా కాస్త టైముందనగా ఒక్కసారి పేపరు విసిరేసి లేచారు. చెప్పులు కూడా లేకుండా బండెక్కాను. గేటు దాకా వచ్చేసరికి గేటు పడి ఉంది. మా ముందే రైలు స్టేషన్లోకి వెళ్ళింది. కాసేపు ఆగి బయల్దేరి, మళ్ళీ మా ముందు నుంచే పోయింది. కిటికీల్లో అన్నీ మొహాలే. ఏది దానిదో నాకు అందలేదు. గేటు లేచింది. ఈయన తాళం తిప్పారు. అప్పుడు... అప్పుడు ఆగింది పంపు."

"గేటు లేచాకనా?"

"గేటు లేచాక. ఈయన దిగి బానెట్టు ఎత్తి అన్నీ విప్పారు. చీకటి పడేదాకా విప్పారు. ఏదో లారీ డ్రైవరు ఆగి, సీటు కింద పంపుంటుంది, కట్టెతో రెండు తట్టు తట్టమన్నాడు. తట్టగానే వచ్చింది. అప్పటినుంచీ ఈయన ఒకటే మాట. పంపు ఆగకపోతే పిల్లని కలుసుకునేవాళ్ళం అని. చుట్టాలకి అదే చెప్పారు. కొడుక్కీ అదే చెప్పారు. చెప్పీ చెప్పీ అదే నిజమనుకుంటున్నారు."

కింద వరండాలోంచి సన్నగా వినిపిస్తోంది, టిక్ టిక్ టిక్.

"పోయినవాళ్ళు పోయారు. నేనాయన్ని నిలదీయను. తప్పంతా మీదే అననుగాక అనను. ఒక్కసారి ఆయన నోటితో ఆయన అనాలి, మనం ఆలస్యంగా బయల్దేరాం అని. అంతే. ఆ ఒక్క మాట వింటే నేను ఆ సీట్లో జీవితాంతం గరిటె పట్టుకుని కూచుంటాను."

"అనరా అత్తయ్యా?"

"మిల్లులో ఎంతమందికి గేటు వేశారో తెలుసా? ఆలస్యం అన్న మాట ఆయన హాజరు పుస్తకంలో ఊళ్ళో అందరికీ రాశారు. తనకి రాసుకోలేరు." బట్టల బుట్ట చంకన పెట్టుకున్నారు. "ఈ ఎండాకాలం అయ్యేదాకా చూస్తాను."

ఆ ఆఖరి మాట నేను అప్పుడు సరిగ్గా వినలేదో, విన్నా పట్టించుకోలేదో. ఇప్పుడు మాత్రం రోజూ వినిపిస్తుంది.

కొత్త పంపు వచ్చింది. మామయ్యగారు కళ్ళడాక్టరు దగ్గరికి వెళ్ళిన పూట మా ఆయనా మేస్త్రీ కలిసి రాణిగారి కింద దూరారు. మేస్త్రి బొజ్జ పెద్దది. బండి కింద ఇరుక్కుని, "నన్ను కూడా గరిటెతో కొట్టండమ్మా, బయటికొస్తాను," అని అరుస్తుంటే అత్తయ్య నోటికి కొంగు అడ్డం పెట్టుకుని నవ్వారు. ఆవిడ అంతగా నవ్వగా నేను చూడటం అదే. కొత్త పంపు పెట్టెలో ఉన్న కాగితం నాకిచ్చి చదవమన్నారు. బడికి పోని నేను పొట్లాల కాగితాలు కూడబలుక్కుని నేర్చిన చదువు అది. వేలు పెట్టి ఒక్కో మాటా చదివాను. వేడి తగలనిచోట బిగించవలెను. విప్పి చూడవలసిన అవసరము లేదు.

"ఏదీ, ఆ ఆఖరి ముక్క మళ్ళీ చదువు," అన్నారు అత్తయ్య.

"విప్పి చూడవలసిన అవసరము లేదు."

"హమ్మయ్య," అన్నారు.

మామయ్యగారు వచ్చి తాళం తిప్పారు. సీటు కింద సన్నగా తుమ్మెద మోగినట్టు ఒక రొద, అంతే. ఆయన కాసేపు తల వంచి విన్నారు. కోప్పడతారనుకున్నాం. ఆయన పాత పంపు గుడ్డలో చుట్టి వరండా బల్ల మీద పెట్టుకున్నారు.

ఆ వారం రాణిగారు ఎక్కడా ఆగలేదు. బజారుకి వెళ్ళాం, చెరువు గట్టు దాకా వెళ్ళాం, ఎండ నడినెత్తిన ఉండగా మిట్ట రోడ్డు ఎక్కాం. అత్తయ్య అలవాటుగా గరిటె ఒళ్ళో పెట్టుకునేవారు, కానీ దానితో పని పడలేదు. ఇంట్లో కుళాయి కూడా కట్టేసి ఉండేది. ఆ నిశ్శబ్దంలో నాకు గోడ గడియారం మొదటిసారి వినపడింది.

మామయ్యగారికి చేతులకి పని లేకుండా పోయింది. పేపరు చదివిందే చదివేవారు. వరండాలోకి వెళ్ళి, బల్ల దగ్గర నిలబడి, తిరిగొచ్చేవారు. రెండోపూట అన్నం సగంలో లేచిపోయేవారు. ఒక సాయంత్రం అత్తయ్య మెట్ల మీద కూచుని ఆకుకూర ఏరుతుంటే ఆయన వచ్చి ఒక మెట్టు పైన కూచున్నారు. అంత దగ్గరగా వాళ్ళిద్దరూ కూచోగా నేను చూడలేదు. నేను గదిలో దీపం చిమ్నీ తుడుస్తున్నాను. చెయ్యి ఆపేశాను.

"ఆ రోజు..." అన్నారు మామయ్యగారు.

అత్తయ్య తల ఎత్తలేదు. ఏరిన ఆకు ఏరని ఆకుల్లో వేస్తున్నారు.

"ఆ రోజు అది గుమ్మంలో నిలబడి ఎంతసేపుంది?"

"మీకు తెలుసు."

మామయ్యగారి పెదాలు కదిలాయి. ఊపిరి గట్టిగా పీల్చుకున్నారు. ఇప్పుడంటారు అనిపించింది నాకు. నాకే ఏదో శిక్ష చదవబోతున్నట్టు ఉంది.

"ఎండ తగ్గలేదు ఇంకా," అని లేచి లోపలికి వెళ్ళిపోయారు.

మర్నాడు మధ్యాహ్నం నేను నిద్ర లేచేసరికి పెట్రోలు వాసన. వరండాలోకి పరిగెత్తాను. కొత్త పంపు పెట్టెలో ఉంది, కాగితం సహా. మామయ్యగారి మోచేతుల దాకా మసి. వరండా పక్కనే ఉన్న బండి తలుపు తెరిచి, లోపలికి వంగి తాళం తిప్పారు. టిక్ టిక్ టిక్ టిక్. ఆయన మొహంలోకి రక్తం తిరిగొచ్చింది.

"దొరికిందమ్మాయ్," అన్నారు నాతో. "వైరు వదులుగా ఉండటం. ఇన్నేళ్ళూ అదే దొంగ. ఆ రోజు అది కాస్త బిగించి ఉంటే..."

నా వెనక అత్తయ్య నిలబడి ఉన్నారు. ఎప్పుడొచ్చారో తెలియదు. కుళాయి దగ్గరికి వెళ్ళలేదు. ఆ చప్పుడు నెమ్మదించి ఆగేదాకా నిలబడి విన్నారు. తరవాత లోపలికి వెళ్ళి, మంచం కింద నుంచి గోధుమరంగు సంచి లాగి, దుమ్ము దులిపారు.

"చెల్లెలు ఒక్కతే ఉంటోంది. పది రోజులు ఉండొస్తాను," అన్నారు రాత్రి భోజనాల దగ్గర.

"వెళ్ళిరా," అన్నారు మామయ్యగారు. "బస్టాండుకి నేను దింపుతాను. ఇక బండి ఆగదు."

సోమవారం మధ్యాహ్నం బయల్దేరాం. మా ఆయన షిఫ్టులో ఉన్నాడు. మామయ్యగారు ముందు, వెనక కుడిపక్క అత్తయ్య, ఎడంపక్క నేను. మా ఇద్దరి మధ్య సంచి, సంచి మీద గరిటె. బస్టాండు రైలు గేటుకి అవతల. మామయ్యగారు గంట ముందే బయల్దేరదీశారు.

గేటు వేస్తున్నారు. ఎర్రకర్ర మెల్లగా దిగి మా ముందు ఆగింది. మామయ్యగారు ఇంజను ఆపారు. వేడి గాలి కిటికీలోంచి వచ్చి కళ్ళు మండుతున్నాయి. రైలు వచ్చింది. ఆ పెట్టెలు పోతున్నంతసేపూ అత్తయ్య కిటికీ వైపు తిరిగి ఒక్కో కిటికీనే చూశారు, ఈసారైనా దొరుకుతుందేమో అన్నట్టు. రైలు దాటిపోయింది. గేటు లేచింది.

మామయ్యగారు తాళం తిప్పారు.

చప్పుడు లేదు.

మళ్ళీ తిప్పారు. లేదు. వెనక లారీ హారను కొట్టింది. దాని వెనక ఇంకేవో. మామయ్యగారి మెడ వెనక చెమట ధార కట్టింది. "ఏమోయ్" అనలేదు. రెండు చేతులూ స్టీరింగు మీద పెట్టుకుని ముందుకి చూస్తూ ఉన్నారు.

అత్తయ్య గరిటె చేతిలోకి తీసుకున్నారు. సీటు మూల మీద చెయ్యి వేశారు. ఎత్తలేదు.

"ఏమండీ," అన్నారు. గొంతులో కోపం లేదు. పాలవాడు వచ్చాడా అని అడిగినట్టుంది. "ఆ రోజు గేటు ముందు పడిందా, పంపు ముందు ఆగిందా?"

లారీవాడు తల బయటపెట్టి ఏదో తిట్టాడు. గేటు కాపలావాడు చెయ్యి ఊపుతున్నాడు. అద్దంలో మామయ్యగారి కళ్ళు నాకు కనిపించాయి. ఆవిడకీ కనిపించే ఉంటాయి. ఒకసారి పైకి లేచి, మళ్ళీ రోడ్డు మీదికి దిగాయి.

"పంపే," అన్నారు. "పంపే ముందు ఆగింది."

"సరే," అన్నారు అత్తయ్య.

ఒరిగి, సీటు మూల ఎత్తి, టక్, టక్ అని తట్టారు. మెల్లగానూ కాదు, గట్టిగానూ కాదు. కింద నుంచి టిక్ టిక్ టిక్ మంటూ పంపు అందుకుంది. బండి పట్టాలు దాటింది.

బస్టాండులో మామయ్యగారు గడియారం చూసుకున్నారు. "బస్సు నాలుగు నిమిషాలు ఆలస్యం," అన్నారు. సంచి పైకి అందించి, ఎండ తగలని వైపు కిటికీ చూసి కూచోబెట్టారు. మంచినీళ్ళు తెచ్చిచ్చారు. అత్తయ్య తాగి గ్లాసు తిరిగి ఇచ్చారు.

నన్ను కిటికీ దగ్గరికి రమ్మని గరిటె నా చేతిలో పెట్టారు. "పాలు పొయ్యి మీద పెట్టి పుస్తకం పట్టుకోకు, పొంగిపోతాయి," అన్నారు. బస్సు కదిలింది. మలుపు తిరిగేదాకా నేను చెయ్యి ఊపుతూనే ఉన్నాను. ఆవిడ కూడా ఊపారు. శాలువా మోకాళ్ళ మీద పరుచుకుని ఉంది.

తిరిగి వచ్చేటప్పుడు కుడిపక్క సీట్లో నేను కూచున్నాను, గరిటె పట్టుకుని, చెవులు రిక్కించుకుని. రాణిగారు ఒక్కసారి కూడా ఆగలేదు.

పది రోజులయ్యాయి. ఇంకో పది. "చెల్లెలికి ఒంట్లో బాగాలేదట," అని మామయ్యగారు వీధిలోవాళ్ళకి చెప్పారు. తొలకరి జల్లు పడ్డ రోజు ఆయన తనంతట తానే బండి కిందికి దూరి, పాత పంపు విప్పి కొత్తది బిగించారు. వెనక కూచునే మనిషి లేరు కదా అన్నారు. మర్నాడు పొద్దున్నే ఒక్కరే అత్తయ్య చెల్లెలి ఊరికి వెళ్ళి, దీపాలు పెట్టేవేళకి ఒక్కరే వచ్చారు. నేను నీళ్ళిచ్చాను.

"అత్తయ్య ఎలా ఉన్నారు మామయ్యగారూ?"

"టీ ఇచ్చింది. బాగుందంది."

"ఏది?"

"బండి. ఒక్కసారి కూడా ఆగలేదని చెప్పాను. బాగుందంది."

ఆయన గ్లాసు చేత్తో తిప్పుతూ గోడ గడియారం వంక చూస్తూ ఉండిపోయారు. ఆ తరవాత ప్రతి సోమవారం బస్టాండుకి వెళ్ళేవారు. బస్సుకి గంట ముందే వెళ్ళి, ఇంజను ఆపి, తలుపు తెరిచి పెట్టుకుని కూచునేవారు. దిగినవాళ్ళందరూ వెళ్ళిపోయాక తలుపు వేసుకుని వచ్చేవారు. నేను చూడటానికి వెళుతూ ఉండేదాన్ని, మా ఆయనతో, తరవాత పిల్లలతో. అత్తయ్య మనవలకి అడిగినన్ని కథలు చెప్పేవారు, నాకు జడ వేసేవారు, మీ మామయ్య అన్నం సరిగ్గా తింటున్నారా అని అడిగేవారు. ఎప్పుడొస్తారని మాత్రం అడగనిచ్చేవారు కాదు.

చెల్లెలి ఊరి నుంచి చివరిసారి కబురు వచ్చినప్పుడు మామయ్యగారు తెల్లవారకముందే తయారై బండిలో కూచున్నారు. మా ఆయన నడుపుతానంటే ఒప్పుకోలేదు. ఆయనా మా ఆయనా ముందు, నేను వెనక. అలవాటు కొద్దీ ఎడంపక్కే కూచున్నాను. రైలు గేటు పడి ఉంది. ఇంజను ఆపారు. రైలు వెళ్ళింది, గేటు లేచింది, వెనకెవరో హారను కొట్టారు. ఆయన తాళం తిప్పలేదు. అద్దంలో కుడిపక్క సీటు వైపు చూస్తున్నారు.

"గేటే," అన్నారు. "గేటే ముందు పడింది. మనమే ఆలస్యం."

మా ఆయనకి అర్థంకాలేదు. "ఆలస్యం ఎందుకవుతుంది నాన్నా, బోలెడు టైముంది, పోనివ్వండి," అన్నాడు. మామయ్యగారు తాళం తిప్పారు. బండి వెంటనే అందుకుంది.

ఆ గరిటె నా వంటింట్లో ఇంకా ఉంది. దానితో నేను ఏదీ కలపను.

వదిన శీతాకాలానికి ముందు రైలెక్కింది, తిరిగి రాలేదు. అత్తయ్య ఆ ఎండాకాలం చివర్లో ఒక సోమవారం మధ్యాహ్నం బస్సెక్కారు. తొమ్మిదేళ్ళ తరవాత, వానలు పడుతుండగా, చెల్లెలి ఇంట్లోనే పోయారు. మా ఇంటికి తిరిగి రాలేదు.